చెరువుకట్టయు, ఆరోగ్యబీమాయు

రోగము రాకమునుపే ప్రతివాడును వైద్యవ్యయమునకై బీమా కొనితీరవలెనని ప్రభుత్వము శాసింపవచ్చునా? ఈ ప్రశ్న వినగానే మనకు బెర్లిను నగరమో, లండను నగరమో జ్ఞప్తికి వచ్చును. కాని పడమటి నెల్లూరు సీమవారు ఈ వాదమును చెరువుకట్టమీదనే ఎరుగుదురు. దాని పేరు కుడిమరామత్తు.

ఆత్మకూరు ప్రాంతము చెరువుల ప్రాంతము. అనంతసాగరము చెరువు పేరు వినని రైతు అక్కడ నుండడు. చెరువునకు పెద్ద మరమ్మతులు సర్కారువి. కాలువల పూడిక తీయుట, కట్టమీది కంప నరకుట వంటి చిన్న పనులు ఆయకట్టు రైతులవి. ఇది పూర్వాచారము. “నా మడి తూము ప్రక్కనే యున్నది, నీరు నా కెట్లును వచ్చును” అని యొకడు పార పట్టక ఇంట కూర్చుండెనా, మరుసటి యేడు పదిమంది కూర్చుందురు. బీమా విషయమునను చిక్కు ఇదియే. వచ్చుటయు మానుటయు ఎవరి యిష్టమునకు వారికి విడిచినచో, ఆరోగ్యవంతుడు దూరముగా నుండును; రోగి మాత్రమే వచ్చి చేరును. నిధి నిలువదు.

కావున చెన్నరాజధానికై 1858లో నిర్బంధశ్రమ చట్టము చేయబడినది. కుడిమరామత్తుకు రాని రైతు ఆ పని విలువకు రెండింతలు చెల్లింపవలెను. ఇంతవరకు న్యాయముగనే కనబడును. కాని అదే చట్టము, కట్ట తెగబోవు సమయమున పిలిచినది కూలి వర్గములవారిని. వారిలో ఆ చెరువు క్రింద సెంటు భూమి లేనివా రెందరో! కూలి యిచ్చిరి, నిజమే; కాని రాననుటకు వీలు లేదు. నిర్బంధము మంచిదా చెడ్డదా యని వాదించువారు, అది ఎవరి వీపున పడుచున్నదని మొదట అడుగుట మేలని మాకు తోచుచున్నది.

జర్మనీలో బిస్మార్కు 1883లో కార్మికులకు ఆరోగ్యబీమాను నిర్బంధము చేసినపుడు చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని యిచ్చుట యేర్పాటు. 1911లో ఇంగ్లండున లాయిడ్ జార్జి, వారమునకు పురుషకార్మికుడు నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వము రెండు ఇచ్చునట్లు చట్టము చేయించెను. నాలుగిచ్చి తొమ్మిది పొందుడని ఆయన ప్రచారము. మన దేశమున ఆచార్య అదార్కర్ 1944లో సమర్పించిన నివేదికనుండి 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము పుట్టినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలయి, 1955లో హైదరాబాదు చేరినది. దినమునకు రూపాయికి లోపు కూలి గల కార్మికుని వాటా మాఫీ చేసి, యజమాని వాటా మాత్రము వసూలు చేసిరి. ఇది ఆ చట్టమున మాకు మిక్కిలి నచ్చిన అంశము.

అయితే ఆ చట్టము యంత్రశక్తితో నడచు కర్మాగారములకు చేసినది, గనులను విడిచినది. గూడూరు మొదలు ఆత్మకూరు తాలూకాలోని సంగము దాకా వ్యాపించిన అభ్రకపు గనులలో దిగువారి మాట యేమి? వారికి వేరొక త్రోవ దొరకినది. 1946 నాటి అభ్రకపు గనుల కార్మిక సంక్షేమనిధి చట్టము, ఎగుమతి యగు అభ్రకము విలువపై నూటికి 6¼ వరకు సుంకము విధింప వీలు కల్పించినది. రాపూరు తాలూకా కలిచేడులో ఆసుపత్రి వెలసినది ఆ నిధితోనే. గనిలో దిగినవాడు బీమా కొనలేదు. వాని చేతిమీదుగా ఓడ యెక్కిన సరకు వానికై చెల్లించినది. అభ్రకమునకు గిరాకి తగ్గిన కొలది అట్టి నిధికి రాబడి తగ్గక తప్పదు. ఆ లోపమును దాచనక్కర లేదు.

ఇక ఉదయగిరి. కొండ క్రింద మెట్ట భూములు. వాన కురిసిన పంట, లేకున్న వలస. నెలజీతపు పట్టిక లేనివాని వద్ద చందా కోయు టెట్లు? వానలు లేని యేడు చందా కట్టనందుకు జరిమానా వేయుట మా మనస్సునకు పట్టదు. అమెరికాలో 2010లో చేసిన చట్టము, బీమా లేనివారు 2014 నుండి జరిమానా కట్టవలెనన్నది. 2012లో అక్కడి సుప్రీంకోర్టు దానిని పన్నుగా భావించి సమర్థించినది. 2019 నుండి ఆ జరిమానా సున్నయైనది. మన రాష్ట్రమున 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, 2008 నాటికి నెల్లూరు సహా అన్ని జిల్లాలకు వ్యాపించిన ఆరోగ్యశ్రీ వేరు త్రోవ పట్టినది. తెల్లకార్డు కుటుంబమును ఏమియు కొనుమనలేదు. ప్రీమియమును ఖజానాయే కట్టినది. అనగా నిర్బంధము పోలేదు. పన్ను కట్టువారిమీదికి మారినది. ఈ మార్పును మేము సమర్థింతుము.

కాని ఆరోగ్యశ్రీ ముఖ్యముగ శస్త్రచికిత్సలకు, పెద్ద జబ్బులకు ఉద్దేశించినది. ఉదయగిరినుండి నెల్లూరు సుమారు నూరు కిలోమీటర్లు. రోగితోపాటు ఇంటినుండి ఒకరు పోవలెను. వారి కూలి పోవును. ఆ లెక్క ఏ ప్రీమియమునను చేరదు. మరియు ఈ జిల్లాకు ఇంకొక వ్యాధి కలదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో నడుములు వంగి, కీళ్లు బిగిసిన మనుష్యులను పరీక్షించిన వైద్యులు 1937లో దానికి కారణము బావినీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. మన దేశమున ఈ రోగమునుగూర్చిన తొలి వైద్యనివేదిక అదియే. బిగిసిన కీళ్లను మరల సాగదీయు మందు లేదు. ఆ పల్లెలకు కావలసినది వేరొక చోటి నీరు. అది కుడిమరామత్తు వంటి పని. ఈమారు పిలుపు మొదట ఎవరి ఇంటికి పోవలెనో చూడవలసి యున్నది.