చేను గట్టున పూలు – పురుగుకు పగవాళ్లు

మా కారియాపట్టి చుట్టుపక్కల నేల నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటారు. నాయక రాజుల కాలం నుంచి తెలుగు రైతులు ఈ సీమలో సేద్యం చేస్తున్నారు. ఈ నేలకు పేరు తెచ్చిన పంట పత్తి. పత్తి చరిత్ర అంటే మిల్లులు, ధరలు, ఎగుమతులు అనుకుంటాం. నేను మాత్రం పత్తిని తినే పురుగు గురించి, ఆ పురుగును తినే పురుగు గురించి రాస్తున్నాను.

1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం మొదలైంది. కరుంగణ్ణి అనే నాటు పత్తి ఈ సీమలో పేరుపడ్డది. ఆ కాలంలో పత్తి ఒక్కటే వేసేవాళ్లు కాదు. పురట్టాసి, ఐప్పసి వానలకు పత్తితో పాటు సజ్జ, మినుము, అలసంద కలిపి విత్తేవాళ్లని, గట్టున ఆముదం పెట్టేవాళ్లని మా అవ్వ చెబుతుంది. "ఒకటి పోయినా ఇంకొకటి కూడు పెడుతుంది" అంటుంది. వాళ్లు చూసుకున్నది కూడు. కానీ దానితో ఇంకో మేలు కూడా జరిగింది.

అలసంద మీద పేనుబంక ముందుగా చేరుతుంది. దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. అక్కడే గుడ్లు పెట్టి పెరిగి, తరువాత పత్తి మీది పేనుబంకను కూడా తింటాయి. సజ్జ, జొన్న పుప్పొడి వాటికి తిండి. ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ కాయతొలుచు పురుగు గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. పురుగు పుట్టకముందే చస్తుంది. కానీ ఆ కందిరీగ బతకడానికి పూలలోని తేనె కావాలి. పూలు లేని చేనులో అది ఎక్కువ రోజులు ఉండదు.

1939లో పాల్ ముల్లర్ డీడీటీకి పురుగులను చంపే శక్తి ఉందని కనిపెట్టాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత మన పల్లెల్లోకీ మందులు వచ్చాయి. మందు చెడ్డ పురుగునే కాదు, మంచి పురుగునూ చంపింది. చెడ్డ పురుగు మాత్రం మందుకు అలవాటు పడింది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నిసార్లు కొట్టినా కాయతొలుచు పురుగు చావలేదు. పంట పోయి, అప్పు మిగిలి, రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

ఆ బాధ నుంచే మార్పు కూడా వచ్చింది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరి రైతులు 2000 తరువాత కొద్ది ఏళ్లలోనే రసాయన మందులు మానేశారు. వేప కషాయం వాడారు, ఎర పంటలుగా ఆముదం, బంతి వేశారు. బంతి పువ్వు మీద కాయతొలుచు పురుగు గుడ్లు పెడుతుంది, పత్తికి బాధ తగ్గుతుంది. వరిలో కూడా ఇలాంటి పని జరిగింది. చైనా, వియత్నాం, థాయ్‌లాండ్ దేశాల్లో పొలం గట్ల మీద నువ్వులు వంటి పూల మొక్కలు పెంచి చూశారు. మందు కొట్టడం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. ఈ ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

పూలు పెడితే చాలు, అన్ని పురుగులూ పోతాయని నేను అనను. పూలు పెట్టి, మళ్లీ మందు కొడితే వచ్చిన మేలు పురుగులే ముందు చస్తాయి. రోజూ చేను చూడాలి, ఏ పురుగు మేలుదో, ఏది కీడుదో గుర్తుపట్టాలి. ఆ గుర్తు మన పెద్దలకు ఉంది. వాళ్లు ఉండగానే మనం అడిగి రాసి పెట్టుకోవాలి. మన బడి పిల్లలమంతా ఈ పురట్టాసికి మన ఇంటి చేను గట్టున పిడికెడు అలసందలు, నాలుగు బంతి మొక్కలు వేసి చూద్దాం.