రాయి లేని సీమ నుండి కిలిమంజారోకు

మా దివిసీమలో రాయి లేదు. ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టి, కాదంటే ఇసుక. రుబ్బురోలూ తిరగలీ కూడా ఎగువ నుండి తెచ్చుకున్నవే. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట నిలుచుంటే తాటిచెట్టుకు మించి ఎత్తయినది కంటికి ఆనదు. ఇటువంటి చోట పుట్టి, బందరులో చదివి, గుడివాడ చుట్టుపట్ల తెలుగు పాఠాలు చెప్పుకుని విశ్రాంతి తీసుకుంటున్న నాతో, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా చిన్నమ్మాయి మొన్న సంక్రాంతికి వచ్చి, "నాన్నా, కిలిమంజారో ఎక్కుదామనుకుంటున్నాను" అన్నది. వాళ్లమ్మ గరిట కింద పెట్టి, "మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అని నా వైపు చూసింది. నేను చెప్పలేదు. ముందు చదువుదామనుకున్నాను. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!

మొదట నన్ను పట్టుకున్నది ఒక మాట. 1848 మే నెలలో యోహన్నెస్ రెబ్మాన్ అనే జర్మను మతప్రచారకుడు ఆ కొండ మీది తెలుపును చూసి, అదేమిటని తన వెంట ఉన్న స్థానికుణ్ణి అడిగాడట. అతనికి దానికి పేరు తెలియదు. "చలి" అన్న అర్థం వచ్చే తన మాటే చెప్పాడు. రెబ్మాన్‌కు అది మంచు అని స్ఫురించింది. భూమధ్యరేఖకు అంత చేరువలో మంచేమిటని లండనులో కూర్చున్న భూగోళవేత్త కూలీ ఏళ్ల తరబడి వాదించాడు. నాకు నవ్వు వచ్చింది కానీ, వెంటనే సిగ్గు కూడా వేసింది. అమరకోశంలో మంచుకు ఉన్న ఏడు పేర్లూ, అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక, ఎన్ని తరగతుల చేత వల్లె వేయించానో! నేను చూసినదల్లా ధనుర్మాసపు తెల్లవారుజామున పొలాల మీద పొగలా నిలిచే మంచు ఒక్కటే. పేరు తెలియని ఆ మనిషి చలి అన్నాడు, చేతితో తాకి చెప్పినట్లు. పేర్లన్నీ తెలిసిన నాకు ఆ చలి తెలియదు.

శిఖరాన్ని మొదట చేరినవాడుగా చరిత్రకెక్కిన హాన్స్ మేయర్ లైప్‌జిగ్‌లో విజ్ఞానసర్వస్వాలు అచ్చువేసే ఇంటివాడు. 1887లో ఒకసారి ఎక్కబోయి మంచుగోడ ముందు ఆగిపోయాడు. మరుసటి ఏడు తీరప్రాంతపు తిరుగుబాటులో చిక్కి బందీ అయి, బయటపడ్డాడు. 1889లో మూడోసారి, ఆస్ట్రియా పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్‌ను తోడు తెచ్చుకున్నాడు. ఈసారి గెలిపించినది కాలిబలం కన్న పథకమని నా అభిప్రాయం. అంతకు ముందు వెళ్లినవారికి తిండి అయిపోతే కిందికి దిగక తప్పేది కాదు. మేయర్ వేర్వేరు ఎత్తులలో మజిలీలు ఏర్పరచి, మోతగాళ్ల చేత పైకి ఆహారం అందుతుండేలా చూసుకున్నాడు. అక్టోబరు 3న మంచులో గొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ అగ్నిబిలం అంచు దాకా పోయి, పొద్దుపోవడంతో వెనుదిరిగారు. కింది మజిలీ ఉన్నది కాబట్టి వెనుదిరగగలిగారు. 6వ తేదీన, ముందు చెక్కిన మెట్ల మీదుగానే పోయి శిఖరం చేరారు. దానికి తమ చక్రవర్తి పేరు పెట్టారు. 1961లో టాంగన్యికా స్వతంత్రమైనాక అది ఉహురు, అంటే స్వేచ్ఛా శిఖరం అయింది.

ఆ చలిలో పైమజిలీని కనిపెట్టుకుని ఉన్నవాడు పాంగని నుండి వచ్చిన మ్వినీ అమానీ. యోహానీ కిన్యాలా లావో అనే చాగా జాతివాడు తానే ఆనాడు దారి చూపానని చెప్పేవాడు; 1989లో శతజయంతి నాడు అతణ్ణి గౌరవించారు. అతని వయస్సు లెక్కలను శంకించేవారూ లేకపోలేదు. తక్కిన మోతగాళ్లెవరు?

ఈ ప్రశ్న బందరువాళ్లకు కొత్త కాదు. 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకశాల పెట్టారని పాఠ్యపుస్తకాలలో ఉంటుంది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరాన లంగరు వేసుకుంటే, దొరలనూ మూటలనూ మేటలు తప్పించి మొగలోంచి ఒడ్డు చేర్చిన పడవవాళ్ల పేరు ఒక్కటి కూడా నేను పాఠంగా చెప్పలేదు.

మనవారి సంగతికి వస్తే, నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్ బాబును తలచుకోవాలి. 2006 జనవరి 19 నుండి జూలై 10 వరకు, 172 రోజులలో, ఏడు ఖండాల ఏడు శిఖరాలూ ఎక్కాడు. కిలిమంజారో మార్చి 15న. ఏడు శిఖరాలు, ఏడు వేర్వేరు వారాలు! పంచాంగం ముందు పెట్టుకుని సరిచూశాను, కిలిమంజారోది బుధవారమే. అంతటి పథకకర్త 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా పైకి పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటివారంలో దేహం దొరికింది. నలభై ఏళ్లవాడు. ఈ వాక్యం రాసి చాలాసేపు ఊరుకున్నాను.

తరువాత మా అమ్మాయి పంపిన పథకం తీసి చూశాను. మరంగు దారి, అయిదు రోజులు, దిగడంతో సహా. కాగితం మీద లెక్క వేశాను. ద్వారం సుమారు 1,870 మీటర్లు, మొదటి రాత్రి 2,700, రెండవది 3,720, మూడవది 4,700, ఆ అర్ధరాత్రే లేచి 5,895. మూడువేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకు అయిదువందలకు మించి పెరగరాదని వైద్యులు అంటారు. ఇది దానికి రెట్టింపు. శిఖరం మీద గాలిలో ప్రాణవాయువు మన ఊళ్లో దొరికే దానిలో సగమే. మేయర్ అంతటివాడు ఆ ఎత్తులలో పక్షం రోజులకు పైగా గడిపాడు. "పోలె పోలె" అని అక్కడి మార్గదర్శకులు వెంట ఉండి హెచ్చరిస్తారట. మెల్లగా, మెల్లగా అని. మన నిదానమే ప్రధానం.

ఫోను చేసి రెండే అడిగాను. ఇంకో రెండు మూడు రోజులు ఎందుకు పెట్టుకోలేదు? మూటలు మోసేవాళ్లకు కూలి ఎంత, గుడారం ఎవరిస్తారు? ఒక్క యాత్రికునికి ముగ్గురు నలుగురు మోతగాళ్లు ఉంటారు. తలా ఇరవై కిలోలకు మించరాదని నియమం. మార్గదర్శకుడు లేనిదే లోపలికి పోనివ్వరు కూడా. "డబ్బు సరిపోదు నాన్నా, అందుకే అయిదు రోజులు" అన్నది. మోతగాళ్ల సంగతి అడగనే లేదట.

పింఛను డబ్బులోంచి తేడా నేనిస్తానన్నాను. ఎనిమిది రోజుల లెమోషో దారికి మార్చుకుంది. వానలు తగ్గిన సెప్టెంబరులో. మోతగాళ్ల కూలి వివరం కాగితం మీద రాయించి తీసుకుంది. వాళ్లమ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

పోయిన ఆదివారం మంగళగిరి వెళ్లాం. పానకాలస్వామి మెట్లు చన్నాప్రగడ బలరామదాసుగారు 1890లో కట్టించినవి, అంటే మేయర్ ఎక్కిన మరుసటి ఏడు. వీపున పది కిలోల బియ్యం మూటతో అమ్మాయి నాలుగుసార్లు ఎక్కి దిగింది. నేను కింద చెప్పులకు కాపలా కూర్చున్నాను. నాలుగోసారి వాళ్లమ్మ కూడా మజ్జిగ సీసా పట్టుకుని సగం దాకా వెనకే ఎక్కింది.