బందు అరిగిన తలుపు

మన దేశపు కార్ల చరిత్ర అనగానే కర్మాగారాలూ, లైసెన్సులూ, ఇంజన్లూ గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం ఆ చరిత్రను తలుపు బందు దగ్గర మొదలుపెట్టాలని చాలాకాలంగా కోరిక. మేము బందు, మడతబందు అంటాము. హైదరాబాదు వైపు కబ్జా అనడం విన్నాను. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ఆ మాటకు పట్టు అని అర్థం. భూముల కబ్జా, తలుపు కబ్జా ఒక్క తల్లి బిడ్డలే. పట్టు సడలితే తలుపు వాలిపోతుంది గనుక ఆ పేరు దానికి చక్కగా అమరింది.

1953లో ఇటలీలో ఫియట్ 1100-103 వెలువడింది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1950ల నడుమ దానిని బొంబాయిలోని కుర్లాలో తయారుచేయసాగింది. ఆ తొలి కార్ల ముందు తలుపు నేటి తలుపులకు విరుద్ధంగా తెరుచుకునేది. బందులు నడిమి స్తంభానికి, గొళ్ళెం ముందువైపుకు ఉండేవి. ఎక్కి కూర్చోవడానికి అది సుఖమే. కానీ బందు అరిగి తలుపు వాలితే గొళ్ళెం సగమే పడుతుంది. పరుగులో అది ఊడిందా, ఎదురుగాలి తలుపును మూయదు, విదిలించి తెరుస్తుంది. ఇంగ్లీషువారు వీటికి 'ఆత్మహత్య తలుపులు' అని పేరు పెట్టింది ఊరికే కాదు. 1964లో వచ్చిన 1100 డిలైట్‌తో మన దేశంలోనూ బందులు ముందువైపుకు మారాయి. ఆ కారే 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది.

బందు అంతగా అరిగేదాకా కారును ఎందుకు వాడారు? 1953 నాటి టారిఫ్ కమిషన్ సిఫార్సులతో, విడిభాగాలు తెచ్చి కేవలం బిగించి అమ్మే కంపెనీలకు ఇక్కడ చోటు లేకపోయింది. జనరల్ మోటార్స్ 1954లో బొంబాయి కర్మాగారాన్ని మూసివేసింది. తరువాత మూడు దశాబ్దాలపాటు కొనేవారికి ప్రధానంగా మిగిలినవి అంబాసడర్, ఫియట్, స్టాండర్డ్. కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిందే. కనుక ఉన్న కారే ఇరవై, ముప్పై ఏళ్ళు నడవాలి. తలుపు వేల సార్లు తెరుచుకోవాలి, మూసుకోవాలి.

తలుపు బరువు పై బందును బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నెడుతుంది. నిలువు పిన్ను తిరిగే రంధ్రం క్రమంగా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. గొళ్ళెం వైపు కొస కిందికి దిగుతుంది. తలుపు సరిగా పడక జనం బాదుతారు. బాదినకొద్దీ మరింత అరుగుతుంది. తలుపు సగం తెరిచి, కొసను చేత్తో పైకి ఎత్తి చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. బందు రెండు రెక్కల మధ్య కదలిక ఉంటే పిన్నుదే లోపం. బందు మొత్తం స్తంభంతోపాటు కదిలితే లోపలి రేకు తుప్పుపట్టిందనో చీలిందనో అర్థం. అప్పుడు ఎంత మంచి పిన్ను వేసినా వృథా.

గొళ్ళెం పడే పట్టీని కాస్త కిందికి దించి పంపడం సులువైన మార్గం. తలుపు పడుతుంది, అరుగుదల ఆగదు. నిజమైన మరమ్మతు వేరు. తలుపు కింద బట్ట చుట్టిన చెక్క పెట్టి జాకీతో బరువు ఆపాలి. బందు ఉన్న చోటును విప్పకముందే గీత గీసి గుర్తుపెట్టాలి. పాత పిన్నును కొట్టి తీసి, రంధ్రాన్ని మళ్ళీ గుండ్రంగా చేసి, దానికి సరిపడే లావు పిన్నును లేత్ మీద తీయాలి. రంధ్రం మరీ పెద్దదైతే ఇత్తడి బుష్షు దించాలి. ఇత్తడి ఉక్కుకంటె మెత్తన. అరిగేది అదే అరుగుతుంది, ఖరీదైన బందు మిగులుతుంది. ఈసారి అరిగితే బుష్షు మారిస్తే చాలు. మెత్తనివాడు ముందు నష్టపోవడం లోకరీతి కూడాను!

ఈ విద్యకు పాఠ్యపుస్తకం లేదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ పనివాళ్ళూ, టింకరింగ్ పనివాళ్ళూ చేతినుంచి చేతికి అందించుకున్నారు. అంబాసడర్ తయారీ 2014లో ఆగింది. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2003లో రిజిస్టరై, ఇరవై ఏళ్ళ గడువు తీరి 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. కార్ల పేర్లు, తేదీలు గ్రంథస్థమయ్యాయి. వాటిని అన్నాళ్ళు నడిపించిన చేతుల మాటలు కాలేదు. షెడ్డులో వాడిన తెలుగు మాటలు ఆ పనివాళ్ళతోనే పోకముందే ఎవరో ఒకరు రాసిపెట్టాలి. మీ ఊళ్ళో బందును ఏమనేవారు? పిన్నుకు, బుష్షుకు మనదైన పేరేదైనా విన్నారా? తెలిసినవారు చెబితే నా పట్టికలో చేర్చుకుంటాను.