మేరీ లూ రాసిన కాగితాలు

“మగవాడిలా వాయిస్తుంది.” జాజ్ పియానిస్టు మేరీ లూ విలియమ్స్‌కి (1910-1981) ఆమె కాలం ఇచ్చిన పెద్ద మెచ్చుకోలు ఇది. ఆ మెచ్చుకోలు ఆమె ఎడమచేతి బలం దగ్గరే ఆగిపోయింది. 1930ల స్వింగ్ బ్యాండుల్లో ఆమె చేసిన పెద్ద పని కాగితం మీద జరిగింది.

పుట్టింది అట్లాంటాలో, పెరిగింది పిట్స్‌బర్గ్‌లో. తల్లి ఒళ్లో కూర్చుని, తల్లి వాయించిన స్వరాలనే తిరిగి వాయించడంతో ఆమె సంగీతం మొదలైంది. కూతురికి గురువును పెట్టడానికి ఆ తల్లి ఒప్పుకోలేదు. పాఠాలు నేర్చుకున్నాక కాగితం లేకుండా వాయించే శక్తి తనలో పోయింది, ఆ గతి కూతురికి పట్టకూడదనుకుంది. నల్లవాళ్లు పక్కన చేరారని ఇంటి మీద ఇటుకలు విసిరిన తెల్లవాళ్లే తర్వాత ఆ పిల్లని పిలిపించుకుని పియానో విన్నారు.

చిన్న వయసులోనే శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ విలియమ్స్‌ని పెళ్లి చేసుకుంది. అతను చేరిన ఆండీ కర్క్ బ్యాండు వెంట మొదట భార్యగానే తిరిగింది. బ్యాండుకి వేరే పియానిస్టు ఉన్నాడు. పిలుపు రాని రోజుల్లో శవాలను చేరవేసే బండి కూడా నడిపింది. తలలో మెదిలే బాణీలను మొదట కర్క్ రాసిపెట్టాడు, తర్వాత స్వరలిపి తనే నేర్చుకుంది.

డజను మంది ఉన్న బ్యాండులో ఎవరు ఎప్పుడు ఏ స్వరం పలకాలో ముందే నిర్ణయించి రాసేది అరేంజర్. 1936లో కర్క్ బ్యాండు రికార్డు చేసిన ‘వాకిన్ అండ్ స్వింగిన్’ వినండి. శాక్సఫోన్లకి తోడు ఇంకొక గొంతు కావాల్సి వచ్చింది. ఒక ట్రంపెట్‌ని తీసుకెళ్లి వాటి మధ్య కూర్చోబెట్టింది. లేనిదాన్ని ఉన్నదాంతో సర్దుకోవడం ఆడవాళ్లకి కొత్త విద్యా? అందులోని ఒక చిన్న పలుకు చాలా ఏళ్ల తర్వాత థెలోనియస్ మంక్ ‘రిథమ్-ఎ-నింగ్’లో తేలింది. 1937లో బెన్నీ గుడ్‌మన్‌కి ‘రోల్ ఎమ్’ రాసింది, డ్యూక్ ఎల్లింగ్టన్‌కి కూడా రాసింది. బ్యాండు పేర్లు మాత్రం వాళ్లవి.

1942లో కర్క్‌ని వదిలేసింది. హార్లెమ్‌లోని ఆమె ఫ్లాటుకి మంక్, బడ్ పావెల్, డిజ్జీ గిలెస్పీ వచ్చి పోయేవారు. చరిత్రకారులు దీన్ని ఆప్యాయంగా వర్ణిస్తారు, ఆమెని ఆ కుర్రాళ్ల తల్లిని చేస్తారు. అదే పని మగవాడు చేస్తే గురువు అనేవారు కదా! పన్నెండు రాశుల మీద ‘జోడియాక్ సూట్’ని 1945లో ఆమె కూర్చిందీ ఆ రోజుల్లోనే.

నిజంగా వాయించగలిగితే ఎవరూ నిన్ను ఆడదానిగా చూడరన్నది ఆమె నమ్మకం. ఈ మాట నాకు కొరుకుడు పడదు. 1946లో గిటారిస్టు మేరీ ఆస్బర్న్, వైబ్రఫోన్ వాయించే మార్జీ హయమ్స్‌తో కలిసి ఆడవాళ్ల బృందంగా రికార్డులు చేసింది కూడా ఈమే. ఆ బృందానికి పెట్టిన పేరు ‘గర్ల్ స్టార్స్’.

1954లో పారిస్‌లో వాయించడం మానేసింది. క్యాథలిక్ మతం తీసుకుంది. 1957లో న్యూపోర్ట్ ఉత్సవంలో గిలెస్పీతో మళ్లీ వేదికెక్కింది. 1960ల్లో సొంత రికార్డు కంపెనీ పెట్టి దానికి ‘మేరీ’ అని తన పేరే పెట్టుకుంది. 1977 నుంచి చనిపోయేదాకా డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పింది. ఆమె రాసుకున్న స్వరలిపి కాగితాలు ఇప్పుడు రట్గర్స్ విశ్వవిద్యాలయపు జాజ్ అధ్యయన సంస్థలో, నూవర్క్‌లో ఉన్నాయి.