బలశిక్షణతో బరువు తగ్గడం

తిండిలో కేలరీలు కొంత తగ్గించి, దానితో పాటే బరువులెత్తే వ్యాయామం చేస్తూ, ఒంట్లో కొవ్వును కరిగించి కండను కాపాడుకునే పద్ధతి ఇది. కాటా చూపించే అంకె ఒక్కటే ఇందులో ముఖ్యం కాదు. ఆ అంకెలో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నదే అసలు లెక్క. కేవలం కడుపు మాడ్చుకుని పది కిలోలు తగ్గినవారు కొవ్వుతో పాటు కండనూ పోగొట్టుకుంటారు. మెట్లెక్కితే కాళ్లు లాగడం, కొద్దిపాటి పనికే నీరసం రావడం అలాంటి తగ్గుదల వెంట వచ్చేవే. మధుమేహం ఇంటింటా ఉన్న మన దగ్గర కండ పోవడం ఇంకా పెద్ద నష్టం. ఎందుకంటే ఇన్సులిన్ పనిచేసినప్పుడు రక్తంలోని చక్కెరలో ఎక్కువ భాగాన్ని పీల్చుకునేది కండే.

భారతీయుల శరీర నిర్మాణం

2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. పుణేకు చెందిన మధుమేహ పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ అందులో పక్కపక్కన ఉన్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే కొలత) ఒక్కటే, 22.3. అయితే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. చూడటానికి సన్నగా ఉండే భారతీయుడి ఒంట్లో కూడా కొవ్వు పాలు ఎక్కువగా, కండ పాలు తక్కువగా ఉండవచ్చని ఆ ఒక్క ఫొటో తేల్చి చూపింది. అందుకే మన దేశంలో వైద్యులు బీఎంఐ 23 దాటగానే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదు. బక్కగా ఉండి బొజ్జ ఉన్నవారికి బరువు తగ్గమని చెప్పడం సగం సలహాయే. వారికి కండ పెంచుకోవడమూ అంతే అవసరం.

బరువు పెంచుతూ పోవడం

కండబలం కోసం సాధన చేయడం మనకు కొత్తేమీ కాదు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీయడం, సంగడి తిప్పడం తరతరాలుగా ఉన్నవే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు 20వ శతాబ్ది తొలినాళ్లలో బలప్రదర్శనలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు జిమ్ముల్లో కనిపించే సెట్లు, రెప్‌ల (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, వరుసగా చేసిన రెప్‌లన్నీ కలిపి ఒక సెట్) పద్ధతికి వైద్యంలో స్థానం కల్పించింది మాత్రం అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్లకు గాయాలైన సైనికులు నెలల తరబడి ఆస్పత్రుల్లోనే ఉండిపోతుంటే, వారి చేత బరువులెత్తించి, వారం వారం ఆ బరువును పెంచుతూ పోయాడాయన. 1945లో ఆ ఫలితాలను ప్రచురించాడు. మూడేళ్ల తర్వాత మరో వైద్యుడు ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని ఇంకా సులువు చేశాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును ముందు గుర్తించాలి. మొదటి సెట్‌లో అందులో సగం, రెండో సెట్‌లో ముప్పావు, మూడో సెట్‌లో పూర్తి బరువు పెట్టి, సెట్‌కు పదేసి సార్లు ఎత్తాలి.

ఈ పద్ధతికి ప్రాణం బరువును క్రమంగా పెంచడమే. అవే డంబెల్స్‌ను ఏడాది పొడవునా ఎత్తితే, కొద్ది వారాల తర్వాత శరీరానికి మారాల్సిన అవసరం కనిపించదు. 10 కిలోలతో 12 రెప్‌లు తేలిగ్గా వస్తే మరుసటి వారం 12.5 కిలోలకు వెళ్లాలి. అక్కడ 8 రెప్‌లే వచ్చినా సరిపోతుంది. చివరి రెప్ అయ్యేసరికి ఇంకో రెండు మాత్రమే తీయగలనేమో అనిపించాలి. ఇంకో పది తీయగలననిపిస్తే బరువు చాలనట్టే.

కొత్తవారికి వారానికి మూడు రోజులు చాలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, భుజాల ప్రెస్ వంటి పెద్ద కదలికలు రెండు మూడు సెట్ల చొప్పున చేస్తే ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నీ పనిలో పడతాయి. స్క్వాట్‌లో పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా కాలివేళ్ల దిశలోనే వెళ్లాలి. వెన్ను వంగిపోకుండా తొడలు నేలకు సమాంతరం అయ్యేదాకా కూర్చుని లేవాలి. ఇవి కుదరకముందే బార్‌కు ప్లేట్లు ఎక్కించమనే కోచ్ మాట వినక్కర్లేదు.

మొదటి నెలన్నరలో అద్దంలో పెద్ద మార్పు కనిపించకపోయినా ఎత్తే బరువు మాత్రం బాగా పెరుగుతుంది. నాడులు కండరాలను ఇంతకుముందు కన్నా మెరుగ్గా పనిచేయించడం నేర్చుకోవడమే దీనికి కారణం. కండ మందం పెరగడానికి ఇంకా కొంత కాలం పడుతుంది. చాలామంది జిమ్ మానేసేది సరిగ్గా ఈ దశలోనే కావడం విచారకరం.

వయసు దీనికి అడ్డు కాదు. పరిశోధకురాలు మరియా ఫియాటరోన్ బృందం 1990లో ప్రచురించిన అధ్యయనంలో వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ల వయసున్న వారితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల సాధన చేయించారు. వారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. మోకాళ్ల నొప్పులంటూ మూల కూర్చోబెట్టే మన ఇళ్లలోని పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పి తీరాలి.

కంచంలో ఏముండాలి

తగ్గే బరువు ఎంతన్నది ప్రధానంగా తిండే నిర్ణయిస్తుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిల్వ ఉంటాయి. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే మొదట్లో వారానికి దాదాపు అర కిలో తగ్గుతుంది, పోనుపోను ఆ వేగం మందగిస్తుంది. మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గాయంటే అందులో చాలావరకు నీరే. ఒంట్లో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉండే చక్కెర ఖర్చవుతుంటే దాన్ని పట్టుకుని ఉన్న నీరూ పోతుంది.

తగ్గేది కొవ్వా, కండా అన్నది తేల్చేవి ప్రొటీన్, బరువుల సాధన. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి 2016లో వెలువడిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. 40 మంది యువకులకు నాలుగు వారాల పాటు, వారికి అవసరమైన కేలరీల్లో 40 శాతం కోత పెట్టి, గట్టి వ్యాయామం చేయించారు. ఒంటి బరువులో కిలోకు 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవారిలో కొవ్వు 4.8 కిలోలు తగ్గి, కొవ్వు కాని భాగం 1.2 కిలోలు పెరిగింది. 1.2 గ్రాములే తిన్నవారిలో కొవ్వు 3.5 కిలోలు తగ్గినా కొవ్వు కాని భాగం దాదాపు ఉన్నచోటే ఉంది. అంత ఎక్కువ ప్రొటీన్ అందరికీ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సాధారణ ఆరోగ్యవంతులకు సూచించే మోతాదు కిలోకు 0.83 గ్రాములు. బరువు తగ్గుతూ జిమ్ చేసేవారికి 1.2 నుంచి 1.6 గ్రాముల మధ్య ఉంటే మేలు.

మన కంచం దగ్గరే చిక్కు వస్తుంది. 70 కిలోల మనిషికి 1.6 చొప్పున రోజుకు 112 గ్రాముల ప్రొటీన్ కావాలి. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నంలో దాదాపు 8 గ్రాములు, ఓ గరిటెడు పప్పులో ఐదారు, చిన్న గిన్నెడు పెరుగులో మూడు గ్రాములు వస్తాయి. అంతా కలిపినా 17 దాటదు. పప్పు ఎక్కువ తింటే సరిపోతుంది కదా అనుకుంటారు. కందిపప్పు ఒక్కదానితోనే 112 గ్రాములు రావాలంటే అర కిలో పప్పు వండాలి, దాంతో 1,700 కేలరీలు ఒంట్లో చేరతాయి. వేరుశనగల్లో 100 గ్రాములకు 25 గ్రాముల ప్రొటీన్ ఉన్నా, వాటి వెంట 570 కేలరీల దాకా వస్తాయి. అందుకని కేలరీల బరువు లేని ప్రొటీన్‌ను ఎంచుకోవాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, 150 గ్రాముల ఉడికిన చికెన్ బ్రెస్ట్‌లో 45 గ్రాముల దాకా, చేపలోనూ మంచి పాళ్లలో దొరుకుతుంది. శాకాహారులకు మీల్‌మేకర్ వరం లాంటిది. 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 25 గ్రాములకు పైగానే ఉంటుంది. పనీర్, చిక్కటి పెరుగు, పెసరట్టు, ఉడికించిన శనగలు ఆ తర్వాత వస్తాయి.

రాత్రి అన్నం మానేసి నూనె రాసిన చపాతీలు మూడు తినడం వల్ల కేలరీల్లో ఒరిగేదేమీ లేదు. అన్నం మానక్కర్లేదు, పాళ్లు మారిస్తే చాలు. కూరలు, పప్పు, చికెన్ ఎక్కువగా పెట్టుకుని వాటికి సరిపడా అన్నం కలుపుకోవాలి. తాలింపు నూనెను కూడా లెక్కలో వేయాలి, ఒక టేబుల్ స్పూన్ నూనెంటే 120 కేలరీలు.

అపోహలు

బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతామన్న భయంతో చాలామంది మహిళలు ట్రెడ్‌మిల్ దగ్గరే ఆగిపోతారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో. అంత బలం వెనుక ఏళ్ల తరబడి కఠోర సాధన ఉంటుంది. వారానికి మూడు రోజుల సాధనతో ఆడవారికి దక్కేది గట్టి ఎముకలు, బిగువైన ఒళ్లు. పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వు మాత్రమే కరగడమూ జరగదు. కండ పెరిగితే కూర్చున్నచోటే బోలెడు కేలరీలు ఖర్చవుతాయన్నది కూడా అతిశయోక్తి. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలే.

వే ప్రొటీన్ పాల నుంచి తీసిన ఆహారమే. తిండితో సరిపోతే అది అక్కర్లేదు. క్రియేటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే బలం పెరుగుతుందని బాగా రుజువైంది. త్వరగా కండ వస్తుందంటూ కొన్ని జిమ్ములలో చాటుగా అమ్మే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మాత్రం గుండెను, కాలేయాన్ని, సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయి. వాటి జోలికి పోనే కూడదు.

జాగ్రత్తలు

మధుమేహానికి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు తిండి తగ్గించి, వ్యాయామం పెంచితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మందు మోతాదు ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ప్రొటీన్ పెంచే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని వైద్యుడి సలహా తీసుకోవాలి. బీపీ ఉన్నవారు ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదిలి, దించేటప్పుడు పీల్చాలి. సాధనలో ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి లాగినా, కళ్లు తిరిగినా అక్కడితో ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.