పేగులోని పాలిప్‌లు – సూక్ష్మజీవులపై అనుమానం

పెద్దపేగు లోపలి పొరపై మొలిచే బుడిపెలను పాలిప్‌లు అంటారు. అధికభాగం హాని చేయవు. అడినోమా రకానికి చెందిన కొన్ని మాత్రం ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారుతాయి. వీటి పుట్టుకలో పేగు బ్యాక్టీరియాకు పాత్ర ఉందన్న అనుమానానికి తొలి ఆధారం పేగులో కాదు, గుండెలో దొరికింది.

1951లో అమెరికా వైద్యులు మెక్‌కాయ్, మేసన్‌లు గుండె లోపొరకు పేగు బ్యాక్టీరియా సోకిన ఒక రోగిని గురించి ప్రకటించారు. ఆ రోగి పెద్దపేగు సిగ్మాయిడ్ భాగంలో క్యాన్సర్ ఉంది. 1977లో క్లైన్ బృందం స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియాకూ ఈ క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని వెల్లడించింది. క్రమంగా, ఆ బ్యాక్టీరియా రక్తంలో కనబడితే పేగును పరీక్షించడం ఆనవాయితీ అయింది. ఆ పరీక్షల్లో పాలిప్‌లు కూడా బయటపడసాగాయి.

అయితే ఒక చిక్కు మిగిలింది. కన్నం వేసింది ఈ దొంగేనా, లేక అప్పటికే పడిన కన్నంలోంచి దూరాడా?

2006లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కొన్ని ఈ-కొలై రకాలు మన కణాల డీఎన్‌ఏను దెబ్బతీసే కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయని కనుగొన్నారు. 2012లో, సాధారణంగా నోటిలో నివసించే ఫ్యూసోబాక్టీరియం పెద్దపేగు కణితుల్లో అధికంగా ఉన్నట్లు రెండు బృందాలు విడివిడిగా గుర్తించాయి. 2018లో, వందలాది పాలిప్‌లు మొలిచే వంశపారంపర్య వ్యాధిగ్రస్తుల పేగు పొరపై ఈ-కొలై, బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ కలసి పొరలా అల్లుకొని ఉన్నట్లు తేలింది. ఆ రెండూ కలసి చేరిన ఎలుకల్లో, ఒక్కటే చేరిన వాటికన్నా ఎక్కువ కణితులు వచ్చాయి. 2020లో, కోలిబాక్టిన్ డీఎన్‌ఏపై వదిలే ప్రత్యేకమైన ముద్ర కొందరి పెద్దపేగు క్యాన్సర్లలోనూ కనిపించింది.

అనుమానం బలపడింది, నిజమే. కానీ కణితి కూడా తన చుట్టూ ఉన్న బ్యాక్టీరియా సమతుల్యతను మార్చగలదు. కనుక ఈ అసమతౌల్యం పాలిప్‌లకు దోహదం చేయవచ్చు అనడమే నేటికి న్యాయం. వయస్సు, వంశం, పొగాకు, మద్యం, స్థూలకాయం కూడా ఈ లెక్కలో ఉన్నాయి.

పీచు గల ఆహారం పేగుకు మేలు చేస్తుంది. పెరుగు గానీ, ప్రోబయోటిక్ మాత్రలు గానీ ఉన్న పాలిప్‌ను కరిగిస్తాయనడానికి ఆధారం లేదు. కొలనోస్కోపీ ద్వారా అడినోమాలను తొలగిస్తే క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని 1993లోనే అమెరికా అధ్యయనం చూపింది. కనుక మలంలో రక్తం కనిపిస్తే మొలలే అనుకొని ఊరుకోవద్దు. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, ఏ బాధా లేకున్నా పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో వైద్యుణ్ణి అడగండి.