వీథిలోకి వచ్చిన బలిపీఠం: మిలాన్ ప్లేగు కాలం (1576–77)లో విచారణ ఆరాధన, సామాజిక జీవనం

1. ఉపోద్ఘాతం

తెలుగు కతోలిక వాడుకలో ‘విచారణ’ అంటే ఒక గురువు పోషణలో ఉన్న ప్రాంతం, అక్కడి విశ్వాసుల సమూహం. ఆ మాటలో కట్టడం కన్నా బాగోగులు కనుక్కోవడమనే అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. దేవాలయానికి వెళ్ళే వీలే లేనప్పుడు ఆ అర్థం ఏ రూపంలో నిలుస్తుందన్న ప్రశ్నకు ఉత్తర ఇటలీలోని మిలాన్ నగర చరిత్ర విలువైన సమాధానం ఇస్తుంది. 1576 ఆగస్టులో అక్కడ ప్లేగు బయటపడింది. నగరంలో సుమారు 17,000 మంది మరణించారని అంచనా. స్పానిష్ గవర్నరు నగరం విడిచి వెళ్ళాడు. అగ్రపీఠాధిపతి కార్డినల్ చార్లెస్ బొరోమియో (1538–1584) వీలునామా రాసి నగరంలోనే ఉండిపోయాడు.

2. ప్రదక్షిణ వివాదం

1576 అక్టోబరు ఆరంభంలో బొరోమియో పశ్చాత్తాప ప్రదక్షిణలు జరిపించాడు. క్రీస్తు సిలువ మేకుగా మిలాన్ ప్రజలు పూజించే పవిత్ర అవశేషాన్ని సిలువలో అమర్చి, మెడకు తాడుతో, చెప్పులు లేని కాళ్ళతో తానే మోశాడు. జనం గుమిగూడితే వ్యాధి వ్యాపిస్తుందని నగర ఆరోగ్యాధికారులు అభ్యంతరం తెలిపారు. ఇందుకు ఆయన చూపిన పూర్వ ప్రమాణం 590లో రోము నగరంలో మహా గ్రెగరీ నడిపించిన ప్రదక్షిణ. అయితే ఆ ప్రదక్షిణలోనే ఒక్క గంటలో 80 మంది కుప్పకూలి మరణించారని సమకాలికుడైన తూర్ గ్రెగరీ తన చరిత్రలో నమోదు చేశాడు. అంటే ఆ ప్రమాణం రెండు వైపులా పదునున్నదే.

దీనిని మతానికీ వైద్యానికీ మధ్య పోరుగా చిత్రించడం తేలికే కాని, అది సరికాదు. వ్యాధి ఒకరి నుండి ఒకరికి సోకుతుందని బొరోమియో కూడా నమ్మాడు. రోగుల వద్దకు వెళ్ళేటప్పుడు దగ్గర ఉన్నవారిని దూరంగా ఉంచడానికి చేతికర్ర పట్టుకునేవాడు. వెనిగారులో తడిపిన స్పాంజిని వెంట ఉంచుకునేవాడు. అధికారులతో ఆయన భేదం వ్యాధి స్వభావంపై కాదు. సామూహిక ప్రార్థన అనవసర కార్యమా, అత్యవసర సేవా అన్నదే అసలు వివాదం.

3. గడప వద్ద గురువు, కిటికీ వద్ద భక్తుడు

అక్టోబరు చివరలో నగరమంతటా గృహనిర్బంధం అమలులోకి వచ్చింది. ప్రజలు దేవాలయానికి రాలేని స్థితిలో బొరోమియో నాలుగు వీథుల కూడళ్ళలో బలిపీఠాలు ఏర్పాటు చేయించాడు. గురువులు అక్కడ దివ్యబలిపూజ అర్పిస్తుంటే విశ్వాసులు ఇళ్ళ కిటికీల నుండే పాల్గొన్నారు. పాపసంకీర్తనం ఇంటి గడప వద్ద జరిగింది: గురువు వెలుపల, పశ్చాత్తాపి లోపల. రోజుకు ఏడుసార్లు గంటలు మోగేవి. గంట విన్నవారు కిటికీల వద్దకు వచ్చి ప్రార్థనలనూ కీర్తనలనూ ఆలపించేవారు. ఒక వైపు ఇళ్ళవారు ఒక చరణం అందుకుంటే ఎదుటి వైపువారు తరువాతి చరణం అందుకునేవారు. జెస్వీటు గురువు పావొలో బిషొలా 1577లో ప్రకటించిన వృత్తాంతంలో ఈ దృశ్యం కనిపిస్తుంది.

ఇక్కడ గమనించదగ్గది ఆరాధనా ప్రమాణంలో వచ్చిన మార్పు. రోజుకు ఏడు ప్రార్థనా వేళలు పాటించడం మఠవాసుల పద్ధతి. నిర్బంధం దానిని సాలెవాని ఇంటికీ చిల్లర వర్తకుని ఇంటికీ తెచ్చింది. విచారణ అంతా ఒకచోట చేరడానికి బదులు, ఒక వీథికి ఇరువైపులా ఉన్న ఇళ్ళే ఒక ఆరాధక సంఘమయ్యాయి.

ఆకలి సంగతి వేరుగా చెప్పాలి. పనులు ఆగిపోయి కూలివాండ్రకు పూట గడవని పరిస్థితి ఏర్పడింది. బొరోమియో తన నివాసంలోని తెరలనూ తివాచీలనూ బట్టలుగా కుట్టించి పేదలకు పంచాడు. కిటికీ వద్ద పాడే గొంతుకు ముందు తిండి కావాలి; అది లేకుండా పై ఏర్పాట్లు ఎన్నాళ్ళు సాగేవో చెప్పలేము.

4. ఆధారాల పరిమితి

ఈ వివరాలలో చాలావరకు బొరోమియో అభిమానులు రాసినవే. ఆయనకు 1610లో పునీత పట్టం లభించింది; ఆ సన్నాహంలో జ్ఞాపకాలు సహజంగానే మెరుగులు దిద్దుకున్నాయి. కిటికీలో నిలబడిన స్త్రీ ఏమనుకున్నదో ఈ వృత్తాంతాలు చెప్పవు. అదే కీర్తి తరువాతి తరానికి భారమైంది కూడా. 1630 ప్లేగులో ఆయన పినతండ్రి కొడుకు, అగ్రపీఠాధిపతి ఫెదెరీకో బొరోమియో ప్రదక్షిణకు మొదట నిరాకరించి, ఒత్తిడికి తలొగ్గి, జూన్ 11న చార్లెస్ పార్థివ దేహంతోనే జరిపించాడు. ఆ వెంటనే మరణాలు పెరిగాయని రెండు శతాబ్దాల తరువాత మంజోనీ తన చారిత్రక నవలలో రాశాడు. ఆశ్చర్యమేమంటే, చార్లెస్ నుండి జనం కోరి తెచ్చుకున్నది ప్రదక్షిణనే. గడప వద్ద పాపసంకీర్తనాన్ని కాదు.

5. లాజరెత్తో గుడి

నగర ద్వారం వెలుపల 15వ శతాబ్ది చివర నిర్మాణం మొదలైన రోగుల నిర్బంధశాల ‘లాజరెత్తో’లో విశాలమైన ముంగిలి చుట్టూ 288 గదులుండేవి. ప్లేగు తగ్గాక బొరోమియో ఆ ముంగిలి నడుమ ఒక గుడిని కొత్తగా కట్టించ తలపెట్టాడు. ఏ గది తలుపు నుండి చూసినా బలిపీఠం కనబడేలా దానిని అన్ని వైపులా తోరణాలతో తెరచి ఉంచారు. 19వ శతాబ్ది చివరలో లాజరెత్తోను దాదాపు పూర్తిగా కూల్చివేశారు. ఆ గుడి మాత్రం నేటికీ నిలిచి ఉంది. తోరణాల మధ్య ఖాళీలను గోడలతో మూసివేశారు.